నలభై ఆరు కిలోమీటర్లు

మా స్టేషన్‌లో అబద్ధం రాయని పుస్తకం ఒక్కటే ఉండేది. అది నాది. ఇప్పుడా మాట చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజుల్లో మాత్రం దాని అండ చూసుకునే తల ఎత్తుకు తిరిగేదాన్ని.

పుస్తకమంటే మహా గ్రంథమేమీ కాదు, జీపు లాగ్‌బుక్. బయలుదేరేటప్పుడు మీటరు ఎంత, తిరిగొచ్చాక ఎంత, ఎక్కడికి వెళ్ళాం, ఏ పని మీద వెళ్ళాం, ఇవన్నీ గళ్ళలో డ్రైవర్ రాయాలి. మిగతా రెండు జీపుల డ్రైవర్లు పన్నెండు కిలోమీటర్లు తిరిగి అరవై రాసేవాళ్ళు. ఆ మిగులు డీజిల్ ఏ డబ్బాల్లోకి పోతుందో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. నేను పన్నెండు తిరిగితే పన్నెండే రాసేదాన్ని. అందుకని నాకు మీటరమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత లోలోపల మురిసిపోవడం మొదలుపెట్టాను, అక్కడే వచ్చింది తంటా అంతా.

నా జోడీ ఒక హెడ్ కానిస్టేబుల్. ఎండైనా వానైనా నల్ల గొడుగు లేకుండా గడప దాటడు కాబట్టి అందరూ ఆయన్ని గొడుగు అనేవాళ్ళు. నేను అన్నా అనేదాన్ని. తొమ్మిదేళ్ళు నేను స్టీరింగ్ దగ్గర, ఆయన పక్క సీట్లో. ఆయనకి కోపమొస్తే మాట రాదు, గొడుగు బొత్తాం నొక్కి తెరుస్తాడు, మూస్తాడు. జీపులో కూర్చుని ఆ పని చేశాడంటే నా కంట్లో పొడుచుకోవలసిందే. ఒకసారి లోడింగ్ యార్డులో జరిగిన కొట్లాటలో నా మీదికి లేచిన కత్తి చేతిని ఆ గొడుగు వంపుతోనే లాగి పడేశాడు. ఆ రోజు ఇంటికెళ్ళి నా కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. మనిషికి అంతకంటే పెద్ద రుజువు ఏం కావాలి? నాకు మాత్రం సరిపోలేదు.

లోడింగ్ యార్డు ఐసు అన్నదమ్ములది. కాగితాల మీద కాదు, చేతల్లో. వాళ్ళకి ఐసు ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఒకడు పెద్ద ఐసు, ఇంకొకడు చిన్న ఐసు. పెద్దవాడు నవ్వుతూ మాట్లాడతాడు, చిన్నవాడు నరుకుతాడు, ఇద్దరికీ పని పంపకం అలా కుదిరింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆ ఫ్యాక్టరీ నుంచి రెండు ఐసు దిమ్మలు మా స్టేషన్‌కి వచ్చేవి, తాగే నీళ్ళ డ్రమ్ములో వేయడానికి. ఇన్‌స్పెక్టర్ గారు ఆ నీళ్ళు రెండు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనేవాడు. గొడుగన్నా నేనూ ఇంటి నుంచి సీసాలు తెచ్చుకునేవాళ్ళం. ఎండాకాలంలో ఆ నీళ్ళు కాగిపోయి ఉండేవి. అవే గుటకలు వేస్తూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున పదకొండు గంటలకి, నడిబజార్లో, ముఠా కూలీల మేస్త్రీని నరికి చంపారు. యార్డులో ఐసు మనుషుల మాట వినొద్దని కూలీలకి చెప్పడమే ఆయన చేసిన నేరం. నరికినవాడు మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. బజారు మొత్తానికి ఆ క్షణంలో కళ్ళు పోయాయి. పళ్ళ బండివాడు కిందకి వంగి ఉన్నాడట, మందుల షాపువాడు లోపల ఉన్నాడట, ఎవర్నడిగినా నీళ్ళు నమలడమే.

చూశానన్నది ఒక్కడే, ఎదురుగా ఉన్న దర్జీ.

"మొహం చూళ్ళేదండీ," అన్నాడు దర్జీ, మెళ్ళో టేపు సవరించుకుంటూ. "చొక్కా చూశాను. ఆ చొక్కా నేను కుట్టిందే. ఛాతీ నలభై నాలుగు. ఎడమ భుజం కుడిదానికంటే అరంగుళం కిందికి ఉంటుంది, అది తెలీకుండా ఉండాలని లోపల చిన్న మెత్త పెట్టి కుట్టాను. కత్తి ఎత్తినప్పుడు ఆ మెత్త పైకి లేచింది. ఈ ఊళ్ళో ఆ మెత్త పెట్టించుకున్నది చిన్న ఐసు ఒక్కడే."

గొడుగన్న రాసుకుంటున్న చెయ్యి ఆపి ఆయన వైపు చూశాడు. "ఇది కోర్టులో చెప్తావా?"

"కుట్టింది నేనే అని చెప్పుకోడానికి నాకేం సిగ్గు?" అన్నాడు దర్జీ. అని, నా వైపు తిరిగి, "మేడమ్, మీ చొక్కా కుడి వైపు జారిపోతోంది. జీపు తాళాల గుత్తి ఆ జేబులో వేసుకోకండి" అన్నాడు. హత్య గురించి చెప్తూ చెప్తూ నా చొక్కా మీదికి వచ్చేశాడు. అలాంటి మనిషి.

ఆయన భార్య మిషను పక్కన కూర్చుని బొత్తాలు కుడుతోంది. మేం లేస్తుంటే నా వెనకాలే గుమ్మం దాకా వచ్చింది. "ఈయనకి ధైర్యమేం లేదమ్మా, నోరొక్కటే ఉంది. ఆ నోటితో ఇప్పుడు ఇరుక్కున్నాడు. మీ ఇద్దరి చేతుల్లో పెడుతున్నా, చూసుకోండి" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, చూసుకుంటాం అక్కా అన్నాను.

ఇదంతా జరిగింది మంగళవారం. దర్జీ జడ్జి ముందు చెప్పాల్సింది ఆ వచ్చే సోమవారం. ఈ మధ్య రోజులు ఆ మనిషిని బతికించుకుంటే చాలు, చిన్న ఐసు లోపలికి పోతాడు. మా పనల్లా అదే.

ఇన్‌స్పెక్టర్ మాత్రం, "ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదు, ఇంట్లోనే ఉండనివ్వండి. గుమ్మం దగ్గర ఒక మనిషిని కూర్చోబెడతాను" అన్నాడు. ఆ కూర్చోబెట్టే మనిషి ఎవరో చూశాం. రోజూ రెండింటికి ఐసు దిమ్మలు దించుకునేవాడు. గొడుగన్న బొత్తాం నొక్కి గొడుగు తెరిచాడు, మూశాడు. మాట్లాడకుండానే ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చేశాం.

బుధవారం మధ్యాహ్నం దర్జీని జీపు వెనక సీట్లో పడుకోబెట్టి, మీద పాత దుప్పటి కప్పి, మా పిన్ని ఇంటికి తీసుకెళ్ళాం. రాళ్ళ క్వారీ కూలీల క్వార్టర్స్‌లో ఆఖరి ఇల్లు. పిన్ని ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఒక చెవి వినపడదు, రెండో చెవితో ఊరందరి సంగతులూ వింటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. "ఎన్నాళ్ళుంటాడు?" అని అడిగింది. సోమవారం దాకా అన్నాను. "కర్టెన్లు చిరిగిపోయాయి, కుట్టిపెడతాడా?" అంది. దర్జీ అప్పుడే కర్టెను అంచు పట్టుకుని చూస్తున్నాడు.

తిరిగొచ్చి జీపు స్టేషన్ వెనక నిలబెట్టి, లాగ్‌బుక్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఎక్కడికి అన్న గడిలో గస్తీ అని రాశాను. దారి పొడుగునా అటూ ఇటూ చూస్తూనే వెళ్ళాం కదా, అదీ గస్తీయే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత మీటరు చూసి కిలోమీటర్ల గడిలో నలభై ఆరు అని రాయబోతుంటే గొడుగన్న పెన్ను మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, ఇవాళ్టికి పద్దెనిమిది రాసెయ్."

మామూలు గస్తీ పద్దెనిమిదే. "మీటర్లో నలభై ఆరు తిరిగింది కదన్నా?"

"తిరిగితే తిరిగింది. వచ్చే వారంలో రోజుకి కొంచెం కొంచెం కలిపి సర్దేద్దువుగాని. ఎవడు చూడొచ్చాడు?"

"ఎవరూ చూడనప్పుడు ఎంత రాస్తే ఏం?"

"చూస్తే?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అన్నా, తొమ్మిదేళ్ళలో ఒక్క గడి కూడా తప్పు రాయలేదు నేను. ఒక్కసారి రాశానంటే ఆ డీజిల్ దొంగలకీ నాకూ తేడా ఏముంది?"

ఆయన చెయ్యి తీసేశాడు. గొడుగు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఎండ కూడా లేదు. నేను గుండ్రటి అక్షరాలతో నలభై ఆరు అని రాసి, కింద సంతకం పెట్టాను.

గురువారం మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది. దర్జీకి షుగరు, మాత్రలు ఇంట్లో మర్చిపోయాడు. మళ్ళీ నలభై ఆరు. శనివారం మధ్యాహ్నం ఇంకోసారి, సోమవారం కోర్టుకి వేసుకోవడానికి ఇస్త్రీ చొక్కా ఇచ్చి రావడానికి. మూడోసారీ నలభై ఆరే. ఆ రోజు మేం వెళ్ళేసరికి దర్జీ పిన్నికి కర్టెన్లే కాదు, దిండు గలీబులు, సంచి, రేడియోకి ముసుగు కూడా కుట్టేసి ఉన్నాడు. ఇక కుట్టడానికి ఏమీ దొరక్క పిన్ని చీర అంచు చూస్తున్నాడు. "ఇంకో రెండ్రోజులుంటే నాక్కూడా మెత్త పెట్టి కుట్టేసేలా ఉన్నాడు" అని పిన్ని విసుక్కుంది. నలుగురం నవ్వాం. దర్జీ నవ్వగా చూడటం అదే ఆఖరు.

ఆదివారం పొద్దున పదింటికి ఇద్దరు మనుషులు పిన్ని తలుపు తట్టారు. చొక్కా బిగుతైంది, కొంచెం వదులు చెయ్యాలి, దర్జీ ఇక్కడున్నాడటగా అన్నారు. పిన్నికి వినపడే చెవి వైపు నిలబడి మరీ చెప్పారు. దర్జీ లోపల్నుంచి టేపు మెళ్ళో వేసుకుని వచ్చాడు. ఎవరైనా చొక్కా అంటే ఆగలేని మనిషి. అడ్డం వెళ్ళిన పిన్ని చెయ్యి విరిగింది. దర్జీని వరండా మెట్ల మీదే చంపేశారు.

నేను వెళ్ళేసరికి పిన్ని మెట్ల మీద కూర్చుని, బాగున్న చేత్తో బకెట్లో నీళ్ళు ముంచి మెట్లు కడగబోతోంది. వద్దు పిన్నీ అన్నాను. "నాకు చెప్పొచ్చుగా అమ్మడూ, తలుపు తీయొద్దని," అంది. చెప్పాను. మూడుసార్లు చెప్పాను. అది అప్పుడు అనాలనిపించలేదు.

ఆయన అక్కడున్నాడని తెలిసింది నలుగురికే. దర్జీ, పిన్ని, నేను, గొడుగన్న. దర్జీ భార్యకి కూడా చెప్పలేదు. నలుగురిలో ఒకరు చచ్చిపోయారు, ఒకరికి చెయ్యి విరిగింది, మూడో మనిషిని నేను. లెక్క ఎంత సులువుగా తేలిపోయిందో చూడండి.

అయినా నమ్మలేదు, ఆ మాట నిజం. స్టేషన్‌కి వచ్చి, జీపు దగ్గర కూలబడి ఉన్నాను. గేటు సెంట్రీ వచ్చి పక్కన నిలబడి, "ఒక మాట చెప్పనా మేడమ్? నిన్న పొద్దున సార్ ఏదో పని మీద పంపితే ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గరున్నా. మీ గొడుగాయన లోపలికి పోయాడు. అరగంటున్నాడు. పెద్ద ఐసు గేటు దాకా వచ్చి సాగనంపాడు" అన్నాడు.

 గొడుగన్న వచ్చేదాకా కూడా ఆగలేకపోయాను, ఎదురెళ్ళాను.

"నిన్న ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళావా?"

"వెళ్ళాను. నోటీసు ఇచ్చి రమ్మన్నాడు ఇన్‌స్పెక్టర్."

"నాకు చెప్పలేదే?"

"చెప్పడానికి ఏముంది అందులో? ఇచ్చాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. సంతకం పెట్టడానికి అరగంట నిలబెట్టాడు."

నేను లోపలికి వెళ్ళి డ్యూటీ రిజిస్టర్ తీశాను. శనివారం పేజీలో ఆయన పేరు పక్కన నోటీసని గానీ ఫ్యాక్టరీ అని గానీ ఒక్క ముక్క లేదు. రిజిస్టర్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ ఖాళీ గడి చూసి, "నోటి మాటగా చెప్పాడమ్మా" అన్నాడు.

"పుస్తకంలో లేదు."

"లేకపోతే?"

"పుస్తకంలో లేదన్నా," అన్నాను మళ్ళీ. తొమ్మిదేళ్ళ మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, నేను గళ్ళు గీసిన కాగితం వంక చూసి మాట్లాడాను. ఆయన గొడుగు తెరవలేదు, మూయలేదు. రిజిస్టర్ మూసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే నోరు పెగల్లేదనుకున్నాను.

విచారణ పెట్టారు. నన్ను పిలిచి రాయమన్నారు. నాలుగు పేజీలు రాశాను, ఒక్క కొట్టివేత లేకుండా. దర్జీ ఉన్న చోటు మా ఇద్దరికే తెలుసని, హత్యకి ముందు రోజు ఆయన ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాడని, దానికి ఏ పుస్తకంలోనూ ఆధారం లేదని. మళ్ళీ అడిగితే, పద్దెనిమిది రాసెయ్ అన్న మాట కూడా చెప్పాను, తప్పుడు లెక్క రాయించబోయాడని. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాలు చదివి, "నీలాంటివాళ్ళు ఉండబట్టే డిపార్ట్‌మెంటు ఇంకా నిలబడిందమ్మా" అన్నాడు. ఆ పొగడ్తకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కళ్ళు పొడుచుకోవాలనిపిస్తుంది.

గొడుగన్నని ముందు సస్పెండ్ చేశారు, తర్వాత ఉద్యోగంలోంచే తీసేశారు. సాక్షి లేడు కాబట్టి చిన్న ఐసు మీద కేసు నిలబడలేదు. స్టేషన్‌కి ఐసు దిమ్మలు రెండు బదులు మూడు రావడం మొదలైంది. నా పక్క సీట్లో కొత్త హెడ్ కూర్చున్నాడు, పొద్దస్తమానం ఫోను చూసుకుంటాడు. దర్జీ భార్య కొట్టు మూయలేదు, మొగుడి మిషను మీద తనే కూర్చుంది. నేను యూనిఫారం కుట్టడానికిస్తే ఒక్క పైసా పుచ్చుకునేది కాదు. "ఆయన కోసం నిలబడింది మీరొక్కరే. ఆ గొడుగోడు మాత్రం కుళ్ళి చావాలి" అనేది. అవును అక్కా అనేదాన్ని.

ఎనిమిది నెలలకి ఇన్‌స్పెక్టర్‌కి ప్రమోషన్ వచ్చింది. పై ఆఫీసులో పోస్టింగ్. స్టేషన్ వరండాలో కుర్చీలు వేసి, టీ, బిస్కెట్లు పెట్టి వీడ్కోలు చెప్పాం. మంచి హుషారు మీదున్నాడు. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్‌కి మమ్మల్ని ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ నా దగ్గర ఆగాడు.

"ఈవిడ మన మీటరమ్మ. ఈవిడ పుస్తకం చూస్తే చాలు, జీపు ఎక్కడికెళ్ళిందో ఈవిణ్ణి అడగక్కర్లేదు. నలభై ఆరంటే నలభై ఆరే. ఒకటి ఎక్కువుండదు, తక్కువుండదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బిస్కెట్ నోట్లోకి పోలేదు. ఎన్నో అంకెలుండగా నలభై ఆరే ఎందుకన్నాడు?

లేచి స్టోరు గదిలోకి వెళ్ళాను. పాత లాగ్‌బుక్కులు అక్కడే అడ్డదిడ్డంగా పడేసి ఉంటాయి. ఆ ఏటిది తీశాను. ఇన్‌స్పెక్టర్ వారానికోసారి, సోమవారం నాడు, ఎర్ర సిరాతో పొట్టి సంతకం పెడతాడు. పుస్తకమంతా సోమవారాలే. ఆ ఒక్క వారంలో మాత్రం శుక్రవారం తేదీతో ఒక ఎర్ర సంతకం ఉంది. దాని పైన, గురువారం గడిలో నా గుండ్రటి నలభై ఆరు పక్కన, పెన్సిల్‌తో సన్నగా ఇరవై మూడు అని వేసి ఉంది.

రానూ పోనూ నలభై ఆరైతే, పోవడానికి ఇరవై మూడు. నా సర్వీసు ఫైల్లో శాశ్వత చిరునామా పిన్ని ఇల్లే. స్టేషన్ నుంచి ఆ ఇంటికి ఇరవై మూడు కిలోమీటర్లు. శుక్రవారం పుస్తకం చూశాడు. శనివారం గొడుగన్నని నోటి మాట మీద ఫ్యాక్టరీకి పంపి, సెంట్రీ కళ్ళ పడేలా చేశాడు. ఆదివారం మనుషులు వెళ్ళారు. మిగతా రెండు జీపుల పుస్తకాలు చూసుంటే ఎవడికీ ఏమీ తెలిసేది కాదు, వాటిలో ఒక్క అంకె నిజం లేదు. దర్జీని చంపింది ఆ స్టేషన్‌లో ఉన్న ఒకే ఒక్క నిజమైన పుస్తకం.

ఆ స్టోరు గదిలో నేల మీద కూర్చుండిపోయాను. బయట ఇంకా నవ్వులు వినిపిస్తున్నాయి.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు అర్జీ రాశాను. నా వాంగ్మూలం తప్పని, గొడుగన్న నిర్దోషి అని, ఈ పుస్తకమే సాక్ష్యమని. అర్జీ, పుస్తకం కలిపి కవర్లో పెట్టి, మీద పెద్ద ఆఫీసర్ గారికి నేరుగా అని రాసి, పై ఆఫీసు కౌంటర్లో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకున్నాను. ఆ రసీదు పర్సులో పెట్టుకుని గొడుగన్నని వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆయన ఒక ఆసుపత్రిలో బళ్ళు పెట్టే చోట టోకెన్లు ఇస్తున్నాడు. స్టూలు మీద కూర్చుని, నెత్తిన అదే నల్ల గొడుగు. రెండు ఊచలు విరిగాయి. నన్ను చూసి లేవలేదు, మొహం తిప్పుకోలేదు.

"టోకెన్ తీసుకో, లేకపోతే బండి బయటికి పోనివ్వను" అన్నాడు.

నేను బండి స్టాండ్ వేసి, ఆయన పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. శుక్రవారం సంతకం, పెన్సిల్ అంకె, అన్నీ. ఆయన మధ్యలో ఇద్దరికి టోకెన్లు ఇచ్చాడు, ఒకరిని లైనులో పెట్టమని కసురుకున్నాడు.

"నాకు ఆ ఆదివారమే తెలుసమ్మా," అన్నాడు చివరికి. "మెట్ల మీద ఆయన్ని చూడగానే తెలిసింది. ఇంకోలా ఎవరికీ తెలిసే దారి లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్దామనే వచ్చాను. నువ్వు రిజిస్టర్ పట్టుకుని నిలబడ్డావు." ఒక టోకెన్ చింపి పక్కన పెట్టాడు. "ఆ తర్వాత ఏం చెప్పినా, తప్పించుకోడానికి నీ మీదికి నెడుతున్నానంటావు. అన్నా అని పిలిచిన నోటితో ఆ మాట కూడా వినే ఓపిక లేకపోయింది."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చాలని నేనూ కోరుకోలేదు. కళ్ళు తుడుచుకుని పర్సులోంచి రసీదు తీసి చూపించాను. "అన్నీ రాసి పుస్తకంతో సహా ఇచ్చేశాను. నిన్ను మళ్ళీ తీసుకుంటారు."

ఆయన రసీదు తీసుకుని, కళ్ళకి దూరంగా పట్టుకుని చూశాడు. తర్వాత నవ్వాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను, వినకపోయినా బాగుండేది.

"సంతకం చూసుకున్నావా?"

ముద్ర కింద పొట్టి సంతకం. ఎర్ర సిరా. పెద్ద ఆఫీసర్‌కి వెళ్ళే ప్రతి కవరూ ఆ ఆఫీసులో ఎవరో ఒకరు విప్పి చూశాకే పైకి వెళ్తుంది. ఆ ఎవరో ఇప్పుడు మా పాత ఇన్‌స్పెక్టరే. పద్ధతి ప్రకారం, రసీదు సహా, ఉన్న ఒక్క పుస్తకాన్నీ తీసుకెళ్ళి వాడి చేతిలోనే పెట్టాను.

"ఫోటో అయినా తీశావా?" అని అడిగాడు.

తీయలేదు. స్టేషన్ రికార్డు ఫోటోలు తీయకూడదని రూలు.

"నువ్వు మారవమ్మా," అన్నాడు గొడుగన్న. అందులో కోపం లేదు. అలసట ఉంది. రసీదు మడిచి నాకే ఇచ్చేశాడు. "సరే, లే. నాకు గురువారం బోలెడు రద్దీ. దర్జీ భార్య కూడా వచ్చే వేళైంది."

"ఆమె ఇక్కడికెందుకు?"

"ఆసుపత్రికి దుప్పట్లు కుట్టి ఇస్తుంది, గురువారం గురువారం తెచ్చిస్తుంది. పోతూ నా ముందు ఆగి ఉమ్మేసి పోతుంది. పోనీలే. ఆ కోపం ఎక్కడో అక్కడ దిగాలిగా."

"నువ్వేమీ అనవా?"

"ఏమనాలి? నేను కాదు, ఆ అమ్మాయి అని చెప్పనా?"

అక్కణ్ణించి నేను ఇంటికి వెళ్ళలేదు. ఉద్యోగం తిరిగి ఇప్పించలేను, పుస్తకం తిరిగి తేలేను. ఒక్క మనిషికి నిజం చెప్పడం మాత్రం ఇంకా నా చేతిలో ఉంది. ఆమె ఆసుపత్రికి బయలుదేరకముందే కొట్టుకి చేరాలని బండి తోలాను.

ఆమె మిషను మీదే ఉంది. దుప్పట్ల కట్ట గుమ్మం దగ్గర కట్టి పెట్టి ఉంది. నన్ను చూసి మొహం విప్పారింది. "రండి రండి, మీ చొక్కాకి బొత్తాలొక్కటే మిగిలాయి. కుడి వైపు జారకుండా ఆయన కాగితం కోసి పెట్టుకున్న కొలతే తీశాను" అంది. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఆమె మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపి విన్నది. పద్దెనిమిది రాయమన్న మాట, నేను రాయనన్న మాట, ఇరవై మూడు, నాలుగు పేజీలు, గొడుగన్న. ఏదీ దాచలేదు. 

ఆమె అరవలేదు. లేచి, బల్ల మీదున్న నా చొక్కా మడత పెట్టి, గుండుసూదులు ఉండగానే కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. "బొత్తాలు ఇంకెక్కడైనా కుట్టించుకోండి" అంది.

తీసుకున్నాను. గుమ్మం దిగుతుంటే వెనక నుంచి పిలిచింది.

"నాకు చదువు లేదు, అందుకే అడుగుతున్నా," అంది. "పద్దెనిమిది అని రాయడానికి ఎంతసేపు పట్టేది?"

"నలభై ఆరు రాయడానికి పట్టినంత సేపే, అక్కా" అన్నాను.

ఆమె తలూపి, మళ్ళీ మిషను ముందు కూర్చుంది.